చేతి అద్దంలో టీచరమ్మ

"ఈ వీడియోలో ఉన్నది నా భార్యండీ!"

గుమ్మంలో నిలబడి ఆ మనిషి అన్నది ఆ ఒక్క మాటే. అరవలేదు, తిట్టలేదు. చేతిలో ఫోను పట్టుకుని, చెప్పులైనా విప్పకుండా అక్కడే ఆగిపోయాడు. అది చూసేసరికి విగ్గులమ్మ గుండె జారిపోయింది... తిట్టే మనిషినైతే బతిమాలుకోవచ్చు. ఇలా నోట మాట రాక నిలబడిపోయిన మనిషిని ఏమని ఓదార్చాలి!

విగ్గులమ్మ అన్నది ఆ వీధి పెట్టిన పేరు. జబ్బు చేసో, మందులు పడకో జుట్టు పోగొట్టుకున్న ఆడవాళ్ళకు విగ్గులు కట్టి ఇవ్వడం ఆమె పని. పలచటి వలగుడ్డని చెక్కతలకి తొడిగి, కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకనే లాగి ముడి వేస్తుంది. ఇంటి ముందు గదే ఆమె కొట్టు. ఆ గదిలో కూర్చుని ఆడవాళ్ళు చెప్పుకునే సంగతులు కన్నతల్లికి కూడా చెప్పుకోరు. ఆమె కూడా అంతే, విన్నది అక్కడికక్కడే మరిచిపోయేది. తన దగ్గర విగ్గు కట్టించుకున్న మనిషి బజార్లో ఎదురైతే పలకరించేది కాదు, తల తిప్పుకుని వెళ్ళిపోయేది. "ఈవిడెవరు, నీకెలా తెలుసు అని పక్కవాళ్ళడిగితే ఆ తల్లి ఏం చెబుతుంది పాపం!" అనేది. పొగరని అనుకునేవాళ్ళు అనుకునేవారు. ఆ పొగరే ఆమెకు పేరు తెచ్చింది.

వచ్చినాయన టీచరమ్మ భర్త. టీచరమ్మకి ఏదో మాయదారి జబ్బు వచ్చి తల మీద ఒక్క వెంట్రుక కూడా మిగలలేదు. కనుబొమలు కూడా పోయాయి. ఆ సంగతి తెలిసింది ఆయనకీ, విగ్గులమ్మకీ, ఆమె కూతురికీ, మందిచ్చిన డాక్టరుకీ. బడిలో పిల్లలకి తెలియదు, సాటి టీచర్లకి తెలియదు, కన్న కొడుక్కి కూడా తెలియదు.

"చూడండి" అని ఆయన ఫోను ముందుకు చాపాడు.

విగ్గులమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. తన చేతులే. చెక్కతల మీద టీచరమ్మ విగ్గు. తను దువ్వుతోంది, పాయలు విడదీస్తోంది... అంతా తెలిసిందే. "ఇందులో ఆవిడెక్కడున్నారు బాబూ?" అని అడగబోయింది. అంతలో కనిపించింది. బల్ల చివర పిన్నుల డబ్బాకి ఆనించిన చేతి అద్దం... అందులో టీచరమ్మ! నున్నటి తలతో, ఏదో అని పకపకా నవ్వుతోంది. ఎవరూ చూడటం లేదన్న ధైర్యం ఉన్న మనిషి మాత్రమే అలా నవ్వగలదు!

"పిల్లల గ్రూపులో తిరుగుతోందండీ ఇది. ఎవడో దీనికి పాట కూడా తగిలించాడు. పొద్దున ఆవిడ క్లాసులోకి వెళ్ళేసరికి బోర్డు మీద గుండు బొమ్మ గీసి పెట్టారట. అలాగే ఇంటికొచ్చేసి గది గడియ పెట్టుకుంది... మీ దగ్గరికి నేనే తీసుకొచ్చాను కదమ్మా మొదట్లో. 'భయం లేదు, గోడలకి చెవుల్లేవు ఆ ఇంట్లో' అని నేనే చెప్పాను..."

అంతే, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. టీ తాగమని కూడా అనలేకపోయింది విగ్గులమ్మ.

*

పిచ్చుక అని పిలుచుకునే కూతురు ఒక్కతే ఆమెకి. పుట్టిన దగ్గర్నుంచీ కిచకిచమంటూనే ఉండేది, అందుకని తండ్రి పెట్టిన ముద్దు పేరు. చదువు అయ్యాక తల్లి పనితనం నలుగురికీ చూపిస్తానని ఫోన్లో ఒక పేజీ తెరిచింది. విగ్గులమ్మ మొదట ఒప్పుకోలేదు. "మొహాలు రావు కదా అమ్మా, ఒట్టి చేతులే!" అని పిల్ల గారాలు పోయింది. చెయ్యడం కూడా పద్ధతిగానే చేసేది. ఆ గదికి మూడు గోడలకీ అద్దాలు. కూర్చున్న మనిషికి తన వెనక తల కూడా కనబడాలి కదా! వీడియో తీసే ముందు ఆ మూడింటి మీదా దుప్పట్లు కప్పేది పిల్ల. వచ్చిన వాళ్ళు కెమెరాకి వెనక కూర్చునేవారు. గోడల అద్దాలకి ముసుగు వేసింది గానీ, బల్ల మీది చేతి అద్దం ఆమె కళ్ళకి అద్దంలా కనబడలేదు. దువ్వెన లాగే అదీ ఒక సామాను అనుకుంది.

ఇందులో విగ్గులమ్మని పొడిచి పొడిచి తింటున్న సంగతి ఇంకొకటుంది. బయటికి వదిలే ముందు ప్రతి వీడియో తల్లికి చూపించేది పిచ్చుక. ఇదీ చూపించింది. విగ్గులమ్మ చూసింది కూడా! పాపిడి దగ్గర ముళ్ళు ఎంత సన్నగా వచ్చాయో చూసుకుంది, పాయ ఎంత చక్కగా జారిందో చూసుకుంది. "బావుందే" అంది. తన పనితనం తప్ప ఆవిడ కంటికి ఇంకేమీ ఆనలేదు...

"అమ్మా... తీసేశానమ్మా! ఇదిగో చూడు, లేదిప్పుడు!" లోపల్నించి పరిగెత్తుకొచ్చింది పిచ్చుక. మొహం పాలిపోయి ఉంది.

"నువ్వు తీసేస్తే వాళ్ళ ఫోన్లలోంచి పోతుందా?"

పిల్ల ఫోను తెరిచి మళ్ళీ చూసుకుంది.

మధ్యాహ్నానికల్లా ఇంట్లో పంచాయితీ మొదలైంది. విగ్గులమ్మ భర్త బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి, సంగతి విని, చొక్కా గుండీలు విప్పుకుంటూ అలాగే కుర్చీలో కూలబడ్డాడు.

"అద్దం చూసుకోకుండా బండి వెనక్కి తీశావే తల్లీ! మా డిపోలో అయితే సస్పెండు చేసేవాళ్ళు" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు గానీ ఎవరూ నవ్వలేదు.

పక్క వాటాలోనే ఉంటుంది ఆయన అక్క. ఆవిడ వచ్చేసరికి ఇంట్లో గాలి బిగుసుకుపోయింది.

"ఇంత గోల దేనికి? ఫోను ఎవడో కొట్టేశాడు, వాడే పెట్టాడని చెప్పేస్తే పోలా!" అంది.

"అబద్ధం వదినా..."

"అబద్ధమా! తల మీద పెట్టుకునే విగ్గు నిజమా ఏంటి? నువ్వమ్మేదే అబద్ధం, ఇంకో అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయింది? పిల్లకి ఆ పెద్ద సెలూను వాళ్ళు పిలిచి ఉద్యోగమిస్తామన్నారు. ఆ పేజీ చూసే కదా ఇస్తామన్నారు! ఇప్పుడు దాని పేరు పాడైతే ఇంకెవడిస్తాడు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది మరదలా, గుర్తుపెట్టుకో!"

విగ్గులమ్మ ఆడపడుచుకి ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజు మాత్రం లేచి నిలబడింది.

"నేను కట్టేది అబద్ధం కాదు వదినా. పోయిందాని చోట పెట్టుకునేది. కాలు పోయినవాడు కర్ర పట్టుకుంటే అబద్ధమాడినట్టా? తప్పు నాది. చూసి కూడా చూడలేదు నేను. నేను వెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడతాను."

*

టీచరమ్మ గది తలుపు తియ్యలేదు. విగ్గులమ్మ తలుపుకి ఇవతల నేల మీద చతికిలబడింది.

"టీచరమ్మా... నేనమ్మా..."

ఇంకాస్త తలుపు దగ్గరికి జరిగింది.

"మీరు తలుపు తియ్యకపోయినా పరవాలేదు. చెప్పి పోతాను. అది తెలియక జరిగింది తల్లీ. ఆ అద్దం అక్కడున్నట్టు నా పిల్లకి తెలీదు, నాకూ తెలీదు. నా పిల్ల మీద ఒట్టు! ఉన్నది ఒక్కగానొక్కటి, దాని మీద ఒట్టు పెట్టి చెబుతున్నా... తెలిసి చెయ్యలేదమ్మా!"

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. టీచరమ్మ తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"అక్కా, నన్ను వాళ్ళు నవ్వినందుకు కాదు నా ఏడుపు. ఆ బొమ్మ గీసింది ఎవరో తెలుసా? నేను ఎక్కాలు నేర్పిన పిల్లే. ఓ పిల్లాడి తల్లి ఫోన్ చేసి 'అబద్ధాలాడొద్దని మా పిల్లలకి మీరు చెబుతారా టీచర్' అని అడిగింది. హెడ్‌మాస్టరుగారు కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండమన్నారు. నేను ఏం దొంగతనం చేశానక్కా?"

"మీరు చెయ్యలేదమ్మా. మేం చేశాం."

టీచరమ్మ ఆమె ముందుకి వంగింది. "పిల్ల మీద ఒట్టు పెట్టావు. నాకూ ఒక పిల్లాడున్నాడు. కన్నబిడ్డ మీద ఒట్టంటే మాటలా... తెలియక జరిగిందానికి ఏం చేస్తాం! నీ మీద నాకు కోపం లేదక్కా. లే, నేల మీద కూర్చోకు" అని చెయ్యి పట్టుకుని లేపింది.

ఆ చెయ్యి పట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చింది విగ్గులమ్మ. ఇంటికి నడుస్తుంటే గుండె మీది బండ దిగినట్టయింది. దిగలేదని, పక్కకి ఒరిగిందంతేనని ఆ తల్లికి అప్పుడు తెలియదు...

*

వీధిలోనూ ఫోన్లలోనూ గోల మాత్రం చల్లారలేదు. జనం రెండు జట్లయ్యారు. ఆ టీచరు మోసగత్తె అన్నవాళ్ళు కొందరు. కాదు, ఆ కొట్టు మూయించాలి అన్నవాళ్ళు కొందరు. టీచరమ్మ ఎవరో, విగ్గు ఎలా ఉంటుందో తెలియని వాళ్ళు కూడా తీర్పులు చెప్పారు. "ఆ వీడియో బయటికి వెళ్ళింది నా తప్పు, నేనే చూసి సరే అన్నాను" అని అడిగిన వాళ్ళందరికీ విగ్గులమ్మ చెప్పింది. దాంతో తిట్లన్నీ ఆమె మీదికే మళ్ళాయి. విగ్గుకి కొలతలిచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి "వద్దులెండి" అని మొహం చూడకుండా వెళ్ళిపోయారు. ఒకావిడ లోపలికొచ్చి కూర్చున్నాక, గోడల వంక చూసి, ఏదో పని గుర్తొచ్చిన దానిలా లేచిపోయింది. ఆ చూపుని మాత్రం విగ్గులమ్మ తట్టుకోలేకపోయింది.

పిచ్చుక మీద మాత్రం జనానికి జాలి కలిగింది. పాపం పిల్ల, తల్లి అజాగ్రత్తకి ఇది బలైంది అన్నారు. సెలూను వాళ్ళు కూడా "మీ తప్పు లేదు కదా, మీరు రండి" అన్నారు. పిల్ల కిచకిచలు మాత్రం మానేసింది. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. తల్లి తన కోసం నిందలు మోస్తోందని బాధపడుతోంది కాబోలు అనుకుంది విగ్గులమ్మ. "పోనీలేవే, నాకేం కొత్త పేరు కావాలా? నీ బతుకు నువ్వు చూసుకో" అని తల నిమిరేది. నిమిరినప్పుడల్లా పిల్ల ఇంకా ముడుచుకుపోయేది.

ఆ ఆదివారం డ్రైవరు ఫోను పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. పెళ్ళాన్ని తిట్టిన వాళ్ళకి ఒక్కొక్కరికే జవాబులివ్వడం ఆయన పెట్టుకున్న పని.

"వీడెవడో 'ఆవిడకి కళ్ళు లేవా' అన్నాడే. నీకున్నాయా, ఉంటే నువ్వు చూడాల్సింది ఇది కాదు నాయనా, మీ ఆవిడ మొహం చూడు అని పెట్టాను!" అని తనలో తనే నవ్వుకున్నాడు. ఇంకొకటి చదువుతూ ఆగిపోయాడు.

"ఏంటండీ?" అంది ముందు గదిలో ముళ్ళు వేసుకుంటున్న విగ్గులమ్మ.

"ఏం లేదు..."

"చదవండి. ఇంతకంటే ఏం తిడతారు!"

"తిట్టు కాదే... ఎవరో అమ్మాయి రాసింది. 'వీడియో వచ్చిన సాయంత్రమే నేను చెప్పాను, చేతి అద్దంలో ఎవరో కనబడుతున్నారు, తీసెయ్యండి అని. కింద నేను రాసిన మాట తీసేశారు గానీ వీడియో తియ్యలేదు' అంటోంది. ఆ మాట తీసేయకముందు తీసిన ఫోటో కూడా పెట్టింది."

కొక్కెం సూది ఆమె వేలికి గుచ్చుకుంది. నొప్పి తెలియలేదు. అంటే పిల్లకి ఆ సాయంత్రమే తెలిసిందా? తెలిసీ ఊరుకుందా? వీడియో పెట్టింది ఒక సాయంత్రం, టీచరమ్మ భర్త వచ్చింది మర్నాడు పొద్దున... ఈ మధ్యలో!

"పిచ్చుకా!"

ఆ పిలుపు విని పక్క వాటాలో ఉన్న అత్తయ్య కూడా బయటికొచ్చింది. పిచ్చుక వచ్చి గుమ్మంలో నిలబడింది. తండ్రి చేతిలోని ఫోను వంక చూసింది. అడగకుండానే అర్థమైపోయింది దానికి.

"నిజమేనా?"

"అమ్మా, అది..."

"నిజమా, కాదా?"

"నిజమే!" గోడకి జారబడి అలాగే కింద కూర్చుండిపోయింది పిల్ల. "ఆ సాయంత్రమే చూశానమ్మా. తీసేద్దామనే అనుకున్నా! కానీ అప్పుడే... అది అంతకు ముందెప్పుడూ లేనంతగా పెరుగుతోందమ్మా. రెప్ప వేసి తీసేలోపు వందలు వందలు చూస్తున్నారు. సెలూను ఆవిడ కూడా అప్పుడే మెచ్చుకుంటూ రాసింది. తిన్నాక తీసేద్దామనుకున్నా. తిన్నాక, ఆ అద్దం ఇంత చిన్నది కదా, ఎవరు చూస్తారులే అనుకున్నా... ఆ అమ్మాయి మాట ఒక్కటీ తీసేస్తే ఇంకెవరూ చూడరనుకున్నా. టీచరమ్మని బళ్ళో గుర్తుపడతారని నేను కల్లో కూడా అనుకోలేదమ్మా! నీ మీద ఒట్టు..."

"ఒట్టు పెట్టకు!"

ఆ అరుపుకి డ్రైవరు కూడా ఉలిక్కిపడ్డాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె గొంతు అంత ఎత్తున ఆయన వినలేదు.

"ఒట్టు పెట్టకే! నీ మీద నేను పెట్టి వచ్చాను ఒట్టు. ఆవిడ గుమ్మంలో కూర్చుని, నా పిల్లకి తెలియదు అని... నీ ప్రాణం మీద పెట్టి చెప్పి వచ్చాను! నేను అలా చెప్పి ఇంటికొచ్చినప్పుడు నువ్వు నా చేతి టీ తాగావు. ఒక్క మాట అనలేదు! వాళ్ళు నన్ను గుడ్డిదన్నారు, చదువు లేనిదన్నారు, నువ్వు విన్నావు... విని పక్కకి తిరిగి పడుకున్నావు! నీ బదులు నేను తిట్లు తినడం కాదే నా బాధ. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లేపింది. అబద్ధాన్ని నమ్మి లేపింది!"

పిచ్చుక మొహం చేతుల్లో దాచుకుని వెక్కిళ్ళు పెడుతోంది.

"అయిపోయిందేదో అయిపోయింది" అంది అత్తయ్య మెల్లిగా. "ఆవిడ క్షమించాననేసింది. మళ్ళీ వెళ్ళి మానుతున్న పుండు కెలకడం దేనికి? ఆ రాసినదాన్ని ఎవరు పట్టించుకుంటారు! రేపోమాపో పిల్ల ఉద్యోగంలో చేరుతుంది..."

"నువ్వుండక్కా" అన్నాడు డ్రైవరు. అక్కని ఆ మాట అనడం ఆయనకీ అదే మొదలు.

"అమ్మా, నువ్వు వెళ్ళి చెప్పకమ్మా! నువ్వు చెబితే నేను చచ్చిపోతాను!" అని పిచ్చుక తల్లి కాళ్ళు పట్టుకుంది.

విగ్గులమ్మ కాళ్ళు లాక్కోలేదు. నిలబడి పిల్ల తల వంక చూసింది. గొంతు దిగింది.

"నేను చెప్పను. నీ నోటితో చెప్పాల్సిన మాట నా నోటితో చెబితే అది చాడీ అవుతుంది. నువ్వే చెప్పుకోవాలి. చెప్పకపోతే... చెప్పకపో. నిన్నేమీ అనను. అన్నం పెడతాను, బట్టలు ఉతుకుతాను, నువ్వు ఉద్యోగానికి వెళితే గుమ్మం దాకా వస్తాను. కానీ ఇక విగ్గు కట్టను. నన్ను నమ్మి తల చూపించిన ఆడదానికి అబద్ధం చెప్పి ఇంకొకరి తల ముట్టుకోలేను."

చెక్కతల మీద సగం కట్టిన విగ్గు ఉంది. దాని మీద గుడ్డ కప్పేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

ఆ తరవాత ఆ ఇల్లు ఇల్లులా లేదు. పోట్లాట ఉంటే అదో సందడి. అదీ లేదు. విగ్గులమ్మ అన్నట్టే వండింది, పెట్టింది, "ఇంకొంచెం వేసుకో" అంది. ఒక్క పుల్లవిరుపు మాట కూడా లేదు. అదే పిచ్చుకని కాల్చేసింది. తల్లి తిట్టినా బావుండునే... కొట్టినా బావుండునే! ముందు గదిలో ఆ కొక్కెం సూది బల్ల మీద అలాగే పడి ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా పిల్ల చూపు దాని మీద పడేది. డ్రైవరు జోకులు కూడా ఇంకిపోయాయి. ఒకసారి మాత్రం చెప్పులు తొడుక్కుంటూ కూతురితో అన్నాడు.

"నేను డ్యూటీలో చేరిన కొత్తలో ఒకడి సైకిలుకి తగిలించి ఆపకుండా పోయాను తల్లీ. వాడికేం కాలేదు, నాకు తెలుసు. అయినా ఇప్పటికీ ఆ మలుపు దగ్గర నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. నీకు చెప్పేంతవాణ్ణి కాదు... ఊరికే చెప్పానంతే."

పిచ్చుక ఆ పూట కంచం ముట్టలేదు. సాయంత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అమ్మా... నాతో రా. కానీ నువ్వేం మాట్లాడకు."

విగ్గులమ్మ పొయ్యి కట్టేసి చెయ్యి తుడుచుకుంది. ఫోను బల్ల మీద పెట్టేసి బయలుదేరింది పిచ్చుక.

టీచరమ్మ నవ్వుతూనే తలుపు తీసింది. "రా అక్కా" అంది. ఆ నవ్వు చూసి విగ్గులమ్మ పక్కకి తప్పుకుని కూతుర్ని ముందుకు వెళ్ళనిచ్చింది. కూర్చోమన్నా పిచ్చుక కూర్చోలేదు. నిలబడే చెప్పింది. సాయంత్రమే చూశానని, ఒకమ్మాయి చెప్పిన మాట తీసేశానని, వీడియో మాత్రం ఉంచేశానని, ఎందుకు ఉంచేశానో కూడా... అంతా చెప్పింది. "అమ్మకి తెలీదండీ. అమ్మ పెట్టిన ఒట్టు అమ్మకి నిజం. అబద్ధం నాది" అంది.

టీచరమ్మ మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు. పక్క గదిలో ఆవిడ కొడుకు పాఠం చదువుకుంటున్న గొంతు వినిపిస్తోంది.

"ఆ సాయంత్రం నేనేం చేస్తున్నానో తెలుసా నీకు?" అంది చివరికి. "మర్నాడు పిల్లలకి పరీక్ష. ప్రశ్నలు రాసుకుంటున్నా. నువ్వు అప్పుడే తీసేసి ఉంటే ఆ పిల్లలు పరీక్ష రాసేవాళ్ళు, నేను దిద్దేదాన్ని... అంతే, ఇంకేమీ జరిగేది కాదు. నువ్వు అన్నం తిన్నంత సేపట్లో నా బతుకు వీధిన పడిందమ్మాయ్!"

"అవునండీ..."

"మీ అమ్మ వచ్చి ఏడిస్తే నీ తప్పు కూడా కలిపి మన్నించాను. మీ అమ్మ మీద నాకిప్పటికీ ఏమీ లేదు. నీకిచ్చింది మాత్రం వెనక్కి తీసుకుంటున్నా. అది నీది కాదు."

పిచ్చుక పెదవి కొరుక్కుంది. "నేను... అందరి ముందూ క్షమాపణ చెబుతూ వీడియో పెడతానండీ. మీ గురించి మంచిగా చెబుతాను. మీరెంత ధైర్యంగా..."

"మళ్ళీ నేనేనా!" టీచరమ్మ గొంతు ఖణేలుమంది. "నా ధైర్యం గురించి నువ్వు చెప్పేదేమిటి? నా జబ్బు, నా బడి, నా తల... ఒక్కటి కూడా నీ నోట్లోంచి రావడానికి వీల్లేదు. చెప్పుకుంటే నువ్వేం చేశావో అది చెప్పుకో. ఏడవకు కూడా. ఏడిస్తే జాలిపడతారు, ఆ జాలి కూడా నీ ఖాతాలోనే పడుతుంది. ఇక వెళ్ళండి."

తల్లీ కూతుళ్ళు ఇంటిదారి పట్టారు. మలుపు దగ్గర పిచ్చుక చెయ్యి చాపితే విగ్గులమ్మ పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

*

పిచ్చుక చెప్పాల్సింది ఆ పేజీలోనే చెప్పింది. నాలుగు ముక్కలే. తను చూశానని, చూసి ఉంచానని, చెప్పిన మనిషి మాటని చెరిపేశానని, తల్లికి తెలియదని. ఏడవలేదు. ఎవరి గురించీ చెప్పలేదు. ఆ తరవాత పేజీ మూసేసింది. మెచ్చుకున్న వాళ్ళు తక్కువ, తిట్టిన వాళ్ళే ఎక్కువ. సెలూను వాళ్ళు ఒక్క ముక్కలో "వద్దు" అన్నారు. విచిత్రం ఏమిటంటే, వీధి కుళాయి దగ్గర ఎవరో పిల్లని ఆడిపోసుకుంటే అత్తయ్యే బిందె కింద పెట్టి మీద పడింది. "మీ పిల్లలు చేసినవి మీ పిల్లలు చెప్పుకున్నారా ఎప్పుడైనా? మా పిల్ల చెప్పుకుంది! పోండి!"

విగ్గులమ్మ మళ్ళీ కొక్కెం సూది పట్టుకుంది. పక్కనే పీట వేసుకుని కూతురు కూర్చుంది, పని నేర్చుకోవడానికి. వెంట్రుకలు మొదలూ కొసా తారుమారు కాకుండా వరస పెట్టడం మొదటి పాఠం. తారుమారైతే నాలుగు రోజుల్లో జుట్టంతా చిక్కు పడి ఊరుకుంటుంది. పిచ్చుక వేసిన ముళ్ళు మొదట్లో అన్నీ లావే. తల్లి విప్పేసేది, అది మళ్ళీ వేసేది. గిరాకీ లేదు కాబట్టి తీరిక మాత్రం బోలెడుంది. ఒకరోజు ముడి వేస్తూ వేస్తూ పిల్ల, "అమ్మా, ఒక్క వెంట్రుకకే ఇంత సేపు పడుతుందా!" అంది. "మరి!" అంది తల్లి. ఆ ఒక్క మాటకే ఇద్దరికీ కళ్ళు చెమర్చాయి.

ఒక మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. టీచరమ్మ! తలకి గుడ్డ చుట్టుకుని, చేతిలో సంచీ పట్టుకుని ఉంది. పిచ్చుక చటుక్కున లేచి లోపలికి పోబోయింది.

"నువ్వుండు" అంది టీచరమ్మ. సంచీలోంచి విగ్గు తీసి బల్ల మీద పెట్టింది.

విగ్గులమ్మ ప్రాణం చివుక్కుమంది. "వెనక్కి ఇచ్చేస్తారా తల్లీ..."

"వెనక్కెందుకు? పని చెప్పడానికి వచ్చానక్కా. రేపట్నుంచి బడికి వెళుతున్నాను. బొమ్మ గీసిన పిల్ల వాళ్ళమ్మని తీసుకుని మా ఇంటికొచ్చి చెంపలేసుకుంది. పిల్లలందరికీ తెలిసిపోయాక ఇంక ఇంత నల్లటి జుట్టు నాకెందుకు? నా ఈడుకి తగ్గట్టు ఉండాలి. పాపిడి పక్కన, చెంపల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు కుట్టించాలి." ఒక్క క్షణం ఆగి పిచ్చుక వంక చూసింది. "అవి ఈ అమ్మాయి కుట్టాలి. క్షమించాననుకోకు. ఇంకా లేదు. కానీ నువ్వు వచ్చి నిజం చెప్పావు కాబట్టి ఈ గదికి రాగలిగాను. నా తల మీద ఉండేదాన్ని ఎంత జాగ్రత్తగా పట్టుకోవాలో నీ చేతులకి తెలియాలి."

"తెల్ల వెంట్రుకలు నా దగ్గర లేవే తల్లీ" అని విగ్గులమ్మ కంగారుపడింది. "తెచ్చేవన్నీ నల్లవే. తెల్లవి ఎవరడుగుతారు?"

టీచరమ్మ ఆమె వంకే చూస్తోంది. పిచ్చుక కూడా చూసింది. ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని కూడా చూడనిది అప్పుడే చూసింది... ఈ గొడవ మొదలైన దగ్గర్నుంచీ అమ్మ చెంపలు ఎంత నెరిసిపోయాయో!

విగ్గులమ్మకి కూడా అర్థమైంది. చేత్తో చెంప తడుముకుని చిన్నగా నవ్వింది. జుట్టు ముడి విప్పుకుని, కూతురి ముందు నేల మీద కూర్చుంది.

"కత్తెర పెట్టకు, నల్లవీ తెగుతాయి. ఒక్కొక్కటే ఏరి, మొదట్లో పట్టుకుని లాగు."

పిచ్చుక వేళ్ళు ఒక తెల్ల వెంట్రుకని ఏరి పట్టుకున్నాయి. లాగింది. దాన్ని కళ్ళకెదురుగా పెట్టుకుని మొదలేదో కొసేదో చూసి, బల్ల మీద తెల్లగుడ్డ మీద జాగ్రత్తగా పెట్టింది. కళ్ళ నిండా నీళ్ళు... గుడ్డ మీద పడకుండా భుజంతో తుడుచుకుంది. ఇంకొకటి లాగింది.

"నొప్పిగా ఉందామ్మా?"

"ఉంది" అంది విగ్గులమ్మ. "ఆపకు. కానియ్యి."